ఇప్పుడే వద్దన్న తాళం

మా పేట ఏసయ్య గుడిలో ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెప్పిస్తారు. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు లేచి దేవుడు తమకేం చేశాడో చెబుతారు. ఆ ఆదివారం మా అల్లుడి వంతు.

అతను కొల్లూరు లంకల నుంచి తెనాలికి అరటి గెలల వ్యాన్ తోలేవాడు. నిద్ర ఆపుకోవడానికని ఎవరో మాత్రలు అలవాటు చేశారు. తర్వాత నిద్ర పట్టడానికి గంజాయి. అవి లేకపోతే చేతులు వణికేవి. ఉంటే ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయేవాడు, నా కూతురి మీద అరిచేవాడు. చివరికి వ్యాన్ కాలవలోకి దించాడు. ఎలాగో బతికాడు.

ఆసుపత్రిలో ఉండి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. వ్యాన్ మా సంఘపెద్దది. ఆ అలవాటు నుంచి పూర్తిగా విడుదలైందని గుడిలో నిలబడి చెబితే సోమవారమే తాళం ఇస్తానన్నాడు ఆయన. ఆ తాళం మీదే ఇల్లు గడవాలి. కూతురు తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది.

ఆరోజు వాక్యం చదివింది నేనే. చదువు నాకు ముసలితనంలో వచ్చింది కాబట్టి వేలు పెట్టుకుని మెల్లగా చదువుతాను. నేను కూర్చున్నాక అల్లుడు లేచాడు.

"ఇవాళ ఏమీ తీసుకోలేదండి" అన్నాడు. "కానీ నాకింకా కావాలనే అనిపిస్తుందండి. ఇందాక అత్తయ్య చదివేటప్పుడు కూడా అనిపించింది."

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. అతను సంఘపెద్ద వైపు తిరిగాడు.

"తాళం ఇప్పుడే ఇవ్వొద్దు బాబాయ్. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను. గెలలు మోయమంటే మోస్తాను."

పాస్టరు అయ్యగారికి ఏ పాట ఎత్తుకోవాలో తోచలేదు. సంఘపెద్ద ముఖం చిన్నబోయింది. బయటికొచ్చాక నా కూతురు, "ఆ ఒక్కమాట అనేస్తే ఏంటంట? ఇస్త్రీ దండగ" అంది. అంది గానీ ఇంటిదాకా అతని చెయ్యి వదల్లేదు.

గెలిచామని చెప్పినవాళ్లను ఆ గుడిలో చాలామందిని చూశాను. కూడు పెట్టే పని చేతికందేవేళ ఇంకా పెనుగులాడుతున్నానని చెప్పినవాణ్ణి అతన్నొక్కణ్ణే చూశాను.

గెలలు మోశాడు. భుజం తోలు లేచింది. రేపల్లె నుంచి వచ్చిన డ్రైవరు వ్యాన్ తోలుతుంటే తను వెనక గెలల పక్కన కూర్చునేవాడు. తెనాలి మార్కెట్లో పాత స్నేహితులు, డ్రైవరుగారికి సీటు వెనక్కి జరిగిందే అని ఎకసెక్కం చేసేవారట. అతను టీ కొట్టు మార్చుకున్నాడు. వ్యాన్ తోలతావా అని సంఘపెద్ద అడిగినప్పుడల్లా ఇంకా లేదనేవాడు.

తోటలు మళ్లీ కాపుకొచ్చాక తనే వెళ్లి తాళం అడిగాడు. ఆయన ఇచ్చి, తనూ పక్క సీట్లోకి ఎక్కాడు. కాపలాకేనని మాకందరికీ తెలుసు. తిరిగొచ్చాక కూతురు, బాబాయి ఏమన్నాడని ఆత్రంగా అడిగింది.

"అనడానికి మెలకువుంటేగా. కరకట్ట దిగగానే గురక పెట్టాడు. తెనాలిలో గెలలు దించాక లేపాను."