నర్సయ్య చిన్నాయన, టోపీ రివాల్వర్లు

మా కుట్టు దుకాణంలో మిషన్లకు నూనె వేసే మనిషి రెండు నెలలకోసారి వస్తాడు. మొన్న వచ్చి, మూత విప్పి మొదటి చుక్క వేశాడో లేదో, ఆ పల్చటి నూనె వాసన ముక్కుకు తగిలింది. నా చేతిలోని, బురఖాలాంటి అబాయా అంచు జారిపోయింది. ఖతర్‌లో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, పట్టపగలు, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు గలగలా మాట్లాడుకుంటూ ఉంటే, నేను మాత్రం అక్కడ లేను. అల్ హిలాల్‌లోని ఒక విల్లాలో, అతిథులు కూర్చునే పెద్ద మజ్లిస్ గదిలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినట్టే అనిపించింది. ఎదురుగా బల్ల మీద నూనెగుడ్డ, ఒక సన్నటి వెదురుపుల్ల, వాటి ముందు నర్సయ్య చిన్నాయన.

ఆయన నాకు చుట్టం కాదు. మాది రాయచోటి దగ్గర పల్లె, ఆయనది జగిత్యాల దగ్గర. నేను పదో తరగతి తప్పి, ఇంటిపనికి ఖతర్ వచ్చిన పిల్లను. ఆయన ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా డ్రైవర్. మొదటి రోజు నా భాష విని, "కడపదానివా బిడ్డా? తిన్నవా?" అని అడిగాడు. ఆ ఇంట్లో తెలుగు మాట వినబడటం అదే మొదలు. అప్పుడే చిన్నాయనా అని పిలిచేశాను.

ఆ ఇంటి పెద్దాయనను మేమంతా బాబా అనేవాళ్ళం. ఆయనకొక పిచ్చి ఉంది. పాతకాలపు రివాల్వర్లు కొనేవాడు. అన్నింటికీ కాగితాలు, అన్నీ తాళం వేసిన అద్దాల బీరువాలో. ఆ తాళంచెవి నర్సయ్య చిన్నాయన దగ్గరే ఉండేది. ఆయన తండ్రిది కమ్మరి కొలిమి. ఇనుము చూస్తే ఆయన వేళ్ళకే ఏదో తెలిసిపోయేది. కొనబోయే ప్రతి రివాల్వర్‌నూ బాబా ముందు ఆయన చేతిలో పెట్టేవాడు.

అవి సినిమాల్లో చూసే రివాల్వర్లు కావు. వాటికి తూటాలుండవు. మధ్యలో ఆరు అరల చక్రం ఉంటుంది. ఒక్కో అరలో ముందువైపు నుంచి తుపాకి మందు పోసి, సీసపు గుండు దిగ్గొట్టాలి. చక్రం వెనక ఒక్కో అరకూ ఒక బుల్లి ముక్కు ఉంటుంది. ఆ ముక్కుకు చిన్న రాగి టోపీ తొడగాలి. సుత్తి వచ్చి టోపీని కొడితే, దీపావళి రీలు తుపాకీలో చుక్కమందు పేలినట్టు పేలి, నిప్పు లోపలి మందుకు అంటుకుంటుంది. అందుకే చిన్నాయన వాటిని టోపీ రివాల్వర్లు అనేవాడు. ఎప్పుడో నూటయాభై ఏళ్ళ కిందట ఎవరో మందు కూరి, కాల్చకుండా వదిలేసినవి ఇప్పటికీ అలాగే చేతులు మారుతూ ఉంటాయట. ఆ మాట విన్నప్పటి నుంచి బీరువా అద్దాన్ని దూరంగా నిలబడి, చేయి చాపి తుడిచేదాన్ని.

ఏ రివాల్వర్ చేతికొచ్చినా ఆయన ముందు మూతిని గోడ వైపు తిప్పి, వెదురుపుల్ల తీసేవాడు. గొట్టంలో పెట్టి చూసేవాడు. తర్వాత ఒక్కో అరలో. పుల్ల ఎంత లోతు దిగిందో గోటితో గుర్తు పెట్టి, ఆరూ సమానంగా దిగాయా లేదా చూసేవాడు. ఒక అరలో తక్కువ దిగితే, లోపల ఏదో ఉన్నట్టు. ఒకసారి నాకు నవ్వొచ్చింది.

"ఏమి చిన్నాయనా, దీన్ని నిన్ననే చూసినావు గదా? మళ్ళా పుల్ల ఎందుకు?"

"నిన్న జూసిన. రాత్రంత అది నాతోని లేకుండె గద బిడ్డా."

"తాళం నీకాడే ఉండాది గదా!"

"తాళం నా దగ్గరున్నది. నమ్మకం పుల్ల దగ్గరున్నది. నువ్వు నవ్వు, నేను జూస్త."

పని తొందరగా అయిపోయిన రోజు నన్ను పక్కన నిలబెట్టుకునేవాడు. చేతులు వెనక్కి కట్టుకోవాలి, కళ్ళతోనే చూడాలి. గొట్టం మీది నంబరూ చక్రం మీది నంబరూ ఒకటేనా? సుత్తి వెనక్కి లాగితే చక్రం టక్కుమని నిలబడుతుందా, ఊగుతుందా? ముక్కులు చదునుగా అణిగిపోయాయా? చూసినవన్నీ నాచేత ఒక నోటుపుస్తకంలో తెలుగులోనే రాయించేవాడు. నేను ఒకసారి "చాలా అందంగా ఉంది" అని మొదలుపెడితే పెన్ను పట్టుకుని ఆపాడు.

"ముందుగాల తప్పులు రాయి. మంచియి అమ్మెటోడే జెప్తడు."

ఒకసారి నీలం నిగనిగలతో ఒకటి వచ్చింది. బాబా దాన్ని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. చిన్నాయన దాన్ని నా వైపు తోశాడు. నేను చాలాసేపు చూశాను. మరలు అరిగి, ఎవరో స్క్రూడ్రైవర్ జారించిన గీరలున్నాయి. "గీరలుండాయి చిన్నాయనా. ఆ గీరల్లోపల గూడా నీలమే ఉండాది."

"మరి గీరల్లకు రంగు ఎట్ల వొయ్యింది?"

కాసేపటికి వెలిగింది. గీరలు ముందు పడ్డాయి, రంగు తర్వాత వేశారు. కొత్త రంగు వేసి పాతదని అమ్ముతున్నారు. ఆయన బాబాకు అరబీలో రెండు ముక్కల్లో చెప్పాడు. బాబా ముఖం వాడిపోయింది. రివాల్వర్ తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు ఎంత గర్వమో! వంటింట్లో గిన్నెలు తోముతూ పాడుకున్నాను.

అప్పటికి నేను ఆ ఇంట్లో ఇంకా పరీక్ష మీదే ఉన్నాను. మూడు నెలల్లో నచ్చకపోతే పనిమనిషిని ఏజెన్సీ ఆఫీసుకు తిప్పి పంపొచ్చు. తిప్పి పంపిన పిల్ల అంటే ఇంకో ఇల్లు దొరకడం కష్టం. దొరక్కపోతే ఊరికి టికెట్టే. నాకు తొమ్మిది రోజులు మిగిలాయి. రోజూ పొద్దున లేవగానే వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని.

ఆ రోజు పొద్దున కొత్తగా ఒక రివాల్వర్ వచ్చింది. అదీ పరీక్ష మీద వచ్చిందే. వారం ఉంచుకుని చూసి, నచ్చితే కొనొచ్చు, లేకపోతే తిప్పి పంపొచ్చు. చిన్నాయన దాన్ని బల్ల మీద పెట్టాడో లేదో, ఇంటి యజమానురాలు మేడం కేకేసింది. ఆమె చెల్లెలి విమానం ముందే దిగేసింది, యల్లా, యల్లా, తొందరగా అంటూ. ఆయన దాని మీద గుడ్డ కప్పి పరిగెత్తాడు. మేడం నాతో, మధ్యాహ్నం నమాజు అయ్యాక అతిథులొస్తారు, మజ్లిస్ అంతా మెరవాలి అంది.

అంతకుముందు వారం అరబ్బుల కాఫీ, కావా పోసే ఇత్తడి కూజాలను, దల్లాలను, చింతపండు, ఉప్పు పెట్టి తోమాను. బంగారంలా వచ్చాయని మేడం మెచ్చుకుంది. గుడ్డ తీసి చూస్తే ఈ రివాల్వర్‌కూ పిడి చుట్టూ ఇత్తడే. నల్లగా, దిగులుగా ఉంది. అతిథులొచ్చే తొందరలో పుల్ల మాటే మరిచి ఇత్తడి తోమాను, తళతళలాడింది. దాని పక్కన గొట్టం మరీ మురికిగా కనబడింది. అదీ తోమాను. బూడిదలాంటి గోధుమరంగు పొర ఊడి, కింద తెల్లటి ఇనుము బయటపడింది. సుత్తి కింద మురికి అందకపోతే సుత్తిని కూడా వెనక్కి లాగి తోమాను. చిన్నాయన వచ్చి చూసి ఎంత సంబరపడతాడో అనుకున్నాను.

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎవలు జేసిన్రు?"

"నేనే. బాగుండాదా?"

ఆయన దాన్ని మెల్లగా ఎత్తి, మూతి గోడకు తిప్పి, పుల్ల తీశాడు. గొట్టం. ఒకటో అర, రెండు, మూడు, నాలుగు. ఐదో అరలో పుల్ల సగంలోనే ఆగిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"సుత్తి గుంజినవా?" అన్నాడు.

నేను తల ఊపాను. ఆయన గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "టోపీ లేదు బిడ్డా. అందుకే ఉన్నవ్," అన్నాడు. ఆ తర్వాత లేచి, దాన్ని పెరట్లో ఇసుక కుప్ప వైపు మూతి పెట్టి ఉంచి, ఎవరూ అటు పోకుండా తలుపు వేసి వచ్చాడు.

నిజం చెప్పాలంటే, నాకప్పుడు ప్రాణం గురించి భయం వేయలేదు. ఆ భయం చాలా రోజుల తర్వాత వచ్చింది. అప్పుడు నా మనసంతా తొమ్మిది రోజుల మీదే ఉంది. పాత రివాల్వర్‌కు ఆ పొరే విలువని, అది పోతే సగం వెల పోతుందని తలుపు వేసి వచ్చాక ఆయన చెప్పాడు. దొంగరంగులతో పోల్చి చూడటానికి అద్దాల బీరువా వెనక ఆయన రంగు సీసాలు ఉంచుకున్నాడని కూడా నాకు తెలుసు.

"చిన్నాయనా, నీకొస్తాది గదా. మళ్ళా ఆ రంగు పూయి. నీ చేత్తో పూస్తే ఎవురూ కనిపెట్టలేరు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇన్నేండ్ల సంది గీ దొంగరంగులు వట్టుకునుడే నా పని. ఇయ్యాల నేనే పూస్తనా?"

"నీకేమి, నీ పని పోదు గదా! పోయేది నాది!" అని అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆయన కోప్పడలేదు. నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టాడు. "రాయి," అన్నాడు. ఏడుస్తూనే రాశాను. అడగకుండా ముట్టాను. పుల్ల పెట్టలేదు. చింతపండుతో తోమాను. పొర పోయింది. కింద నా పేరు, రెడ్డెమ్మ. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ఆయన పుస్తకం తీసుకుని, నేను రాసినదాని పైన కొంచెం చోటుంటే అక్కడ ఇరికించి ఏదో రాశాడు. చూడనివ్వలేదు.

బాబా దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. చిన్నాయన పుస్తకం చూసి అరబీలో చదువుతూ పోయాడు. అప్పటికి నాకు అరబీ కొంచెం అర్థమయ్యేది. మొదటి మాటలు వినగానే నేను ఆయన ముఖంలోకి చూశాను. "వచ్చిన దానికి పుల్ల పెట్టకుంట, ఇంట్లో మనుషులుండంగ, బల్ల మీద వదిలి పోయిన. నర్సయ్య." అదే ఆయన ఇరికించి రాసింది. నా తప్పులు ఆ తర్వాత చదివాడు. ఒక్కటి తగ్గించలేదు, ఒక్కటి పెంచలేదు.

ఆయన తప్పు నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఎవరికీ తట్టేది కాదు. మేడమే తొందరపెట్టింది, పిల్లే ముట్టుకుంది, అనేవాళ్ళు అంతా.

బాబా పుస్తకం మూయించాడు. "ఈ ఇంట్లో నా మనవళ్ళు తిరుగుతారు," అన్నాడు. అంతే. రివాల్వర్ వెల గురించి ఒక్క మాట లేదు. చిన్నాయన వైపు చేయి చాపి, "మిఫ్తా," అన్నాడు. తాళంచెవి. చిన్నాయన బనియన్ లోపలి దారం తెంపి ఇచ్చేశాడు. నన్ను ఆఫీసుకు పంపేయమని బాబా మేడంతో చెప్పాడు. తుపాకుల పని తెలిసినవాళ్ళను పిలిపించి రివాల్వర్‌ను వాళ్ళకు అప్పగించాడు. వాళ్ళు ఖాళీ చేసి తెచ్చాక దాన్ని కొనేశాడని తర్వాత విన్నాను.

మర్నాడు నన్ను ఆఫీసులో దింపింది చిన్నాయనే. దారంతా నేను కిటికీలోంచే చూశాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "బాబా అన్నది తప్పు గాదు బిడ్డా," అన్నాడు.

"నాకు తెలుసులే," అన్నాను. తెలిసినా ఊరుకోలేకపోయాను. "రంగు పూసుంటే నీ తాళం నీకాడే ఉండేది, నా పని నాకుండేది."

"ఉంటుండె," అని ఒప్పుకున్నాడు. దిగేటప్పుడు నా బ్యాగు తనే మోసి, ఒక పొట్లం చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే రెండు చపాతీలు, మామిడికాయ తొక్కు.

ఆఫీసులో మలయాళీ గుమాస్తా, ఎందుకు పంపారని ఎవరైనా అడిగితే ఇంట్లో పని తక్కువైందని చెప్పు చాలు అన్నాడు. పదకొండు రోజులు అక్కడే ఉన్నాను. మొదట వచ్చిన మేడం అడిగింది. అయినా తప్పు ముందు చెప్పాను. ఆమె లేచి వెళ్ళిపోయింది. రెండో ఆమె తుపాకీ అనే మాట దగ్గరే లేచింది. గుమాస్తా తల పట్టుకుని, "తుమ్ పాగల్ హై క్యా?" అన్నాడు, నీకేమైనా పిచ్చా అని. మూడో ఆమె చివరిదాకా వింది. "ఇంకా ఏమైనా ఉందా?" అని అడిగింది. "బట్టలు ఇస్త్రీ సరిగ్గా రాదు," అన్నాను. నవ్వి, నన్ను తీసుకెళ్ళింది. రెండేళ్ళు ఆ ఇంట్లో చేశాక, ఆమెదే అయిన ఈ కుట్టు దుకాణానికి మార్చింది.

చిన్నాయన మూడేళ్ళ కిందట ఊరికి వెళ్ళిపోయాడు. బాబా ఆ తాళంచెవి మళ్ళీ ఇచ్చాడా అని ఎన్నోసార్లు అడగాలనుకుని, భయపడి అడగలేదు. నూనె వాసన తగిలిన సాయంత్రం ఫోన్ చేసి అడిగేశాను.

"ఇయ్యలే బిడ్డా."

"ఆ పుస్తకంలో ఆ ఒక్క ముక్క రాయకుండా ఉంటే సరిపోయేది గదా చిన్నాయనా. ఎవురు అడిగేవాళ్ళు నిన్ను?"

"ఎవలడగకపోదురు. కాని బీరువ తీసినప్పుడల్ల నీ మొకమే గనవడుతుండె." కాసేపు దగ్గాడు. "పైలంగ ఉండు. తిన్నవా?"

ఇప్పుడు నా కింద ఇద్దరు కొత్త పిల్లలు కుట్టు నేర్చుకుంటున్నారు. ఒకమ్మాయిది మెదక్, ఒకమ్మాయిది కాకినాడ. పోయిన వారం కాకినాడ అమ్మాయి ఖరీదైన అబాయా గుడ్డను అడ్డంగా కత్తిరించేసి, ముక్కలు పట్టుకుని, పాలిపోయిన ముఖంతో నా ముందు నిలబడింది. కస్టమర్ సాయంత్రమే వస్తుంది. అరవడానికి నోరు తెరిచాను. తెరిచి, ఆగాను. ఆ పిల్ల చేతికి కత్తెర ఇచ్చే ముందు నేను ఏం చూడకుండా వదిలేశానో వెతుక్కున్నాను.

దొరికింది. గుడ్డ మీద సుద్దగీతలు సరిచూడకుండానే కత్తెర ఇచ్చేశాను. ఎప్పుడు వెతికినా దొరుకుతూనే ఉంది. దుకాణం మేడంకు ముందు అదే చెప్పడానికి, ఆ పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళాను.