తినమని ఎవురూ చెప్పని ఇంట్లో

ఈ పొద్దు కోడికూర సట్టిలో ఎండు నిమ్మకాయలు వేసినా. ఇక్కడోళ్లు వాటిని లూమీ అంటారు. నల్లంగా, తేలిగ్గా, చెవి కాడ ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. నీళ్లు మరిగి అవి మెత్తబడేటప్పుడు ఒక వాసన లేస్తాది. పుల్లంగా, రవ్వంత చేదుగా, పొగ పట్టిన మాదిరి ఉంటాది. మొదుట్లో ఆ వాసన నాకు పడేది కాదు. ఇప్పుడు అదే వాసనకు ఆకలేస్తాది. సట్టి మీద మూత పెట్టి నిలబడుకోనుంటే వరాలక్క గుర్తుకొచ్చింది. ఆమెను గురించి నేను ఎవురికీ చెప్పింది లేదు. ఐదో తరగతి వరకే సదివినా, రాసేది అలవాటు లేదు, యాడ మొదలుపెట్టాలో కూడా సరిగ్గా తెలీదు. అయినా ఆమెను ఎరగనోళ్లకు ఆమె ఎట్లాంటిదో చెప్పాలనిపించి రాస్తాండా.

మాది కడప పక్కన పల్లె. మస్కట్‌లో బౌషర్ అనే చోట ఒక ఇంటికి పనికని వచ్చినా. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అని పిలుస్తారు. మామా, ఆమె మొగుడు, వాళ్ల పిల్లోళ్లు, మామా వాళ్ల అత్త. ఆ ముసలామెను పెద్దమామా అంటాంటి. చెడ్డోళ్లు కాదు. నాకు వేరే రూమ్ ఇచ్చినారు, ఫోన్ పెరుక్కోలేదు, చెయ్యెత్తలేదు. పనికి కూడా నేను భయపడలా. ఎండలో చెనిక్కాయలు పెరికినదాన్ని, ఏసీ ఇంట్లో నేల తుడిచేది, గుడ్డలు ఇస్త్రీ చేసేది నాకొక లెక్కా. తిండి కాడనే చిక్కొచ్చింది.

మధ్యాన్నం అందురూ కింద కూర్చోని ఒక పెద్ద పళ్లెం చుట్టూ చేరి తింటారు. పళ్లెం నిండా పొడుగు బియ్యం బువ్వ, దాని మీద మాంసం. తిన్నంక ఆ పళ్లెం నేను వంటింట్లోకి తెస్తాంటి. సగం బువ్వ అట్లనే ఉంటాది. పొయ్యి మీద సట్టిలో ఇంగా ఉంటాది. నేను సింకు పక్కన నిలబడుకోని ఎవురన్నా "తినుపో" అంటారేమో అని చూస్తాంటి. మా అత్తింట్లో అదే పద్ధతి. అందురూ తిన్నంక మా అత్త "నువ్వూ పెట్టుకోపో" అంటాది, అప్పుడు పెట్టుకోవాల. ఆమె నోరు తెరవకముందే గంటె పట్టుకునే కోడలిని మా పక్క ఏమంటారో చెప్పే పనిలేదు. ఇంగ పరాయి ఇల్లు, పరాయి దేశం. చెప్పకుండా సట్టి మూత తీస్తే అది దొంగతనమే అనుకున్నా. ఇక్కడ ఎవురూ చెప్పలా. మామా వంటింట్లోకి వచ్చి సట్టిని చూస్తాది, నన్ను చూస్తాది, పోతాది. నేను మిగిలింది మూసిపెట్టి పళ్లెం కడిగేస్తాంటి.

దానికి తోడు, సట్టిలో ఉండేది ఏం మాంసమో నాకు తెలీదు. ఆవుమాంసం మా ఇంట్లో తినరు. మేకదో, ఆవుదో అడగాలంటే వాళ్ల మాట నాకు రాదు. మా అమ్మ కట్టిచ్చిన ఊరగాయ డబ్బా చేతిసంచిలో పెట్టుకున్నందుకు ఎయిర్‌పోర్టులోనే తీసేసినారు. చాయ, కుబూస్ అనే మెత్తటి రొట్టె, ఖర్జూరాలు, ఈ మూడూ మాత్రం మొదటి దినం మామా చేత్తో చూపించి తినమనింది కాబట్టి అవే తింటాంటి. పొద్దన అవే, మాపిటికి అవే. చుడీదార్ వదులైపోయి భుజం మీద నుంచి జారిపోతాండె.

సాయంత్రం చెత్త పారేసేదానికి మాత్రం గేటు బయటికి పోతాంటి. వీధి మలుపులో మున్సిపాలిటీ చెత్తడబ్బా ఉంటాది, నా గొంతు ఎత్తు. ఒక సాయంత్రం సంచి ఎత్తి దాంట్లో వేసేటప్పుడు కళ్లు తిరిగినాయి. "అమ్మా" అని డబ్బా అంచు పట్టుకోని నిలబడినా.

"ఏ ఊరే పిల్లా?" అని ఎనకాల నుంచి ఇనపడింది. తిరిగి చూస్తే యాభై దాటిన ఆమె, తలకు గుడ్డ చుట్టుకోని, రెండు చేతుల్లో రెండు చెత్త సంచులు.

"కడప" అన్నా.

"నాది రాజోలు దగ్గర. వరాలమ్మ. మీ పక్కిల్లే, ఆ పచ్చ గేటు. నువ్వొచ్చి ఎన్నాళ్ళైంది?"

"నెల దాటింది."

"నెల దాటిందా? మరి ఇన్నాళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఒక్కసారి తెలుగులో ఎవరినైనా తిట్టుకుని ఉంటే అప్పుడే పట్టేసేదాన్ని కదే."

అట్ల కలిసినాం. వరాలక్కను నేను ఆ చెత్తడబ్బా కాడ తప్ప వేరే చోట ఎప్పుడూ చూడలా. చెత్త పారేసే ఆ కాసేపే మా ఇద్దరిదీ. నేను "యాడికి" అంటే ఆమె "'ఎక్కడికి' అనవే, నీ తెలుగు నేర్చుకునేకంటే నాకు అరబ్బీయే సులువు" అంటాది. ఆమె "ఏటి" అంటే నేను నవ్వుతాంటి. మాట కలిసిన ధైర్యంతో ఒకపొద్దు అడిగినా.

"అక్కా, నీ కాడ ఊరగాయ ఏమన్నా ఉంటే రవ్వంత ఇస్తావా?"

"ఉంది. ఇవ్వను."

"ఎందుకక్కా?"

"ఇస్తే అది నాక్కుంటూ కూర్చుంటావు. ముందు ఆ ఇంట్లో వండింది తినడం నేర్చుకో. నీ కోసం వాళ్ళు కడప వంటలు వండుతారేంటి?"

నాకు సానా కోపమొచ్చింది. తెలుగు మనిషై ఉండి ఇంత పిసినారిదా అనుకున్నా. మరుసటి దినం ఆమె వచ్చేలోపలే చెత్త పారేసి వచ్చేసినా.

ఆ వారమే మామా ఫోన్లో మాట్లాడతా నా పేరు చెప్పింది, మక్తబ్ అనింది. మక్తబ్ అంటే ఆఫీసు, నన్ను ఇక్కడికి తెచ్చినోళ్లది. ఇంటి డ్రైవర్ కేరళాయన. ఆయన్ను నాకొచ్చిన రవ్వంత హిందీలో అడిగితే చెప్పినాడు. "నీకేదో జబ్బుంది అనుకుంటాండారు. రోజురోజుకీ బక్కపడతాండావు, పిల్లల్ని ఎత్తుకుంటే చేతులు వణుకుతాండాయి. వచ్చే వారం నిన్ను మక్తబ్‌లో వదిలిపెట్టి ఇంగో మనిషిని తెచ్చుకుంటారంట."

జబ్బు మనిషి అని పేరు పడితే ఇంగో ఇల్లు తీసుకోదు. ఊరికి పంపించేస్తారు. ఊర్లో నా కొడుకు మా అమ్మ కాడ ఉండి సదువుకుంటాండె. మా ఆయన చనిపోయినంక నేను గల్ఫ్‌కు పోతానంటే అత్తింటోళ్లు "నీవల్ల అయ్యే పనేనా అది" అన్నారు. నా బిడ్డను నేను సదివించుకుంటా అని అందరి ముందరా చెప్పి వచ్చినా. ఇప్పుడు పెట్టె పట్టుకోని మళ్లా ఆ వాకిట్లో దిగాల. అది తలుచుకుంటే ఉండే రవ్వంత ఆకలి కూడా పోయింది.

ఆ సాయంత్రం కోపం మరిచిపోయి వరాలక్క కోసం డబ్బా కాడ నిలబడినా. వచ్చింది. అంతా చెప్పినా.

"ఇంతకీ ఏం జబ్బే నీకు?" అనింది.

"జబ్బేం లేదక్కా. ఆకలి."

ఆమె సంచులు కింద పెట్టేసింది. "ఆ ఇంట్లో మాడుస్తున్నారా?"

"లేదక్కా. సట్టి నిండా ఉంటాది. వాళ్లు పెట్టలేదు, నేను తినలేదు."

"పెట్టడమేంటి?"

"తినమని చెప్పల్ల కదక్కా."

నవ్వుతాదనుకున్నా. నవ్వలా. "వాళ్ళ ప్లేట్లు ఎక్కడుంటాయో తెలుసా?" అనింది.

"రోజూ కడిగేది నేనే కదా."

"మరి ఒకటి తీసుకుని పెట్టుకోవే తల్లీ. ఇక్కడ ఎవరూ వడ్డించరు. వాళ్ళకి వాళ్ళే వడ్డించుకోరు, చూళ్ళేదా, అందరూ ఒకే పళ్ళెంలో చెయ్యి పెడతారు. ఆకలేసినవాళ్ళు తింటారు, అంతే. మీ మామా మా మామాకి చెప్పుకుని బాధపడిందంట, ఈ పిల్ల మా తిండి ముట్టుకోదూ అని. నేనూ అదే అనుకున్నాను, ఎవతో పొగరుబోతుది, ఊరగాయ లేందే ముద్ద దిగదనీ. అందుకే ఇవ్వనన్నాను." మళ్లా తనే, "నాకూ కొత్తలో ఇదే అయిందే. నాకు చెప్పినవాళ్ళు లేరు. మొదటి ఇంటివాళ్ళు తీసుకెళ్ళి ఆఫీసులో దించేశారు" అనింది. అది చెప్పేటప్పుడు నా పక్క చూడలా. సంచి మూతి ముడి గట్టిగా ఉన్నా మళ్లీ విప్పి కట్టింది.

"మరి మాంసం ఆవుదైతే?" అన్నా.

"అడుగు. బకర్ అంటే ఆవు. దజాజ్ కోడి. సమక్ చేప. ఏదీ, అను."

అన్నా.

"గట్టిగా. చెత్తడబ్బాకి చెప్తున్నావా, మనిషికి చెప్తున్నావా? 'అనా మాఫీ బకర్', అంటే నేను ఆవు తిననూ అని. తప్పేం లేదే. వాళ్ళకీ తినకూడనివి ఉన్నాయి. తినకూడదంటే మనకంటే వాళ్ళకే బాగా అర్థమవుతుంది."

నా చేత మళ్లీ మళ్లీ అనిపించింది. పోతా పోతా "రేపు తినకుండా వస్తే నీ మొహం చూడను" అనింది.

మరుసటి దినం మధ్యాన్నం అందురూ తిని లేసినారు. నేను పళ్లెం తెచ్చి సింకు కాడ పెట్టి, అలమార్లోంచి ప్లేటు ఒకటి తీసినా. సట్టి కాడికి పోయేటప్పటికి మామా నీళ్ల బాటిల్ కోసం లోపలికొచ్చింది. నా చేతిలో ప్లేటు చూసి నిలబడిపోయింది. ప్లేటు మళ్లీ అలమార్లో పెట్టేద్దామనుకున్నా. పెడితే వచ్చే వారం మక్తబే. సట్టి చూపించి "అనా మాఫీ బకర్" అన్నా. భయంలో గట్టిగా అనేసినా, అరిచినట్టే వచ్చింది.

మామా సట్టి మూత తానే తీసింది. "దజాజ్" అనింది. గంటెతో ఒక కోడి ముక్క పైకెత్తి చూపించి మళ్లీ "దజాజ్, దజాజ్" అనింది. నేను పెట్టుకున్నా. ఆమె పోలా, స్టూలు నా పక్కకు జరిపింది. కూర్చోని తిన్నా. కారం లేదు, దాల్చినచెక్క వాసన, లూమీ వాసన. అయినా ఆ ప్లేటు అయిపోతానే ఇంగోసారి పెట్టుకున్నా.

మామాకు హిందీ కొంచెం వచ్చని నాకు ఆ పొద్దే తెలిసింది. మా వీధిలో సాయిబులుంటారు కాబట్టి నాకూ రవ్వంత వచ్చు. "ఇన్ని దినాలు ఎందుకు తినలేదు? మా ఇల్లు నీకు నచ్చలేదేమో అనుకున్నా" అనింది.

"మీరు చెప్తారని చూసినా" అన్నా.

ఆ మాట ఆమెకు అర్థం కాలా. "నేను చెప్పేదేముంది? ఆకలి నీది కదా" అనింది.

ఆ మాట నేను సానా దినాలు తలుచుకున్నా. ఆకలి నాదే. మా పక్క ఆడోళ్ల ఆకలి ఎప్పుడూ ఇంగొకరి నోట్లో ఉంటాది, వాళ్లు చెప్తేనే బయటికొస్తాది. ఆ సంగతి చెప్పేదానికి నాకు హిందీ సాలలేదు.

మక్తబ్ ఊసు మళ్లీ రాలా. ఇంట్లో ఆవుమాంసం వండిన దినం మామా నాకు చేప పక్కన తీసిపెడతాండె, సామాన్లలో పచ్చిమిరపకాయలు కూడా తెప్పిస్తాండె. తిన్నానని చెప్పిన సాయంత్రం వరాలక్క కొంగు చాటునుంచి మాగాయ సీసా తీసిచ్చింది. "ఇప్పుడు తిను. ఇప్పుడు ఇది నంజుకోడానికి. మొన్నైతే దీన్నే కూడు అనుకునేదానివి."

కొన్ని నెలలకు డ్రైవర్ చేత రాగిపిండి తెప్పించుకోని ఒక సెలవు దినం సంగటి చేసినా. పెద్దమామా వాసన పట్టి వంటింట్లోకి వచ్చి, ముద్ద చూసి "అసీదా" అనింది. వాళ్లకూ పిండితో అట్లాంటి ముద్దే ఉందంట, ఆ పేరుతో. నేను చెనిక్కాయల చట్నీతో తింటాంటే ఆమె దాని మీద నెయ్యి, తేనె పోసుకోని తినింది. వరాలక్కకు చెప్తే, "బాగుందే. విమానమెక్కి సముద్రం దాటొచ్చి ఆ పిండిముద్దే తిన్నావన్నమాట. మీ కడపోళ్ళని బాగుచెయ్యడం ఎవరి తరం కాదు" అనింది. అంత మాటన్నా మరుసటి దినం "ఓ ముద్ద దాచి తేకూడదటే?" అని అడిగింది. తీసకపోయినా. డబ్బా పక్కన నిలబడే తినింది, బాగుందని మాత్రం చెప్పలా.

ఆ పచ్చ గేటు ఇంటాయనకు సోహార్ పోర్టులో పని మారితే వరాలక్కను కూడా వాళ్లు సోహార్ తీసకపోయినారు. పోయే ముందు దినం సాయంత్రం ఎప్పటిమాదిరే రెండు సంచులతో వచ్చింది. "రేపట్నుంచి ఈ డబ్బా నీదే, శుభ్రంగా చూసుకో" అనింది. నేను ఏడిస్తే, "ఊరుకోవే, సచ్చిపోతున్నానా ఏటి, రెండు గంటల దూరం" అనింది. ఆ రెండు గంటల దూరం పోయేదానికి మా ఇద్దరికీ ఎప్పుడూ సెలవు కుదరలా. కొన్నాళ్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. ఒకపొద్దు ఆమె నంబరు పనిచెయ్యలా. ఊరికి పోయిందో, నంబరు మార్చిందో తెలీదు.

ఇప్పుడు నేను మస్కట్‌లోనే అల్ హైల్ అనే చోట వేరే ఇంట్లో చేస్తాండా. నా కొడుకు పది దాటి ఇంటర్‌లో ఉండాడు. ఈ ఇంటికి వచ్చిన మొదటి దినం కొత్త మామా నాకు ఏమేం పనొచ్చో అడిగింది. వంట, ఇస్త్రీ, పిల్లోళ్లను చూసేది, అన్నీ చెప్పినా. ఇంగేమన్నా చెప్పేదుందా అనింది. "ఆవుమాంసం తినను. మిరపకాయ కావాల. ప్లేట్లు యాడుంటాయో చూపించండి, ఆకలైనప్పుడు నేనే పెట్టుకుంటా" అన్నా. ఆమె పోయి అలమార తెరిచింది. ఆ పొద్దు తిన్నంకనే పని మొదలుపెట్టినా.

అయినా ఒక సంగతి దాచకూడదు. గంటె పట్టుకునేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి రవ్వంత ఆగుతాది, ఎవురన్నా చెప్తారేమో అన్నట్టు. ఎవురూ చెప్పరని తెలుసు. కొంచేపు ఆగి, పెట్టుకోని తింటా.