వేరున్న వెంట్రుకలు

ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్ళిన రోజున లోగనాయకమ్మ నా మొహం చూడలేదు, నా జుట్టు చూసింది. ఉద్యోగమేమిటి, ఎంతమంది ఉంటారు అని అడగాల్సిన మనిషి గుమ్మంలోనే నా జడ కొస పట్టుకుంది. రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఏం నీళ్ళు పోసుకుంటా ఉండావు?" అంది. అప్పటికి నేను యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలు. హాస్టల్లో బోరు నీళ్ళకు నా జుట్టు కొబ్బరి పీచయిందని నాకూ తెలుసు. తెలిసిన సంగతే అయినా పరాయి మనిషి నోటి నుంచి వింటే ఒళ్ళు మండుతుంది. నా పేరు వెన్నెలండీ అని పుల్లవిరుపుగా అన్నాను. ఆమె తల ఊపి, మేడమీది వాటా తాళంచెవి నా చేతిలో పెట్టింది.

రెడ్డియార్‌పాళయంలో ఆ వీధి మొత్తానికి ఆమె సవరాలు కట్టే లోగనాయకి. గేటు పక్కన చిన్న బోర్డు మీద ఆర్. లోగనాయకి అని తమిళంలో ఉంటుంది. ఆ 'ఆర్' పోయిన భర్త రఘునాథన్‌ది. నలభై ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళకు పూలజడలు కుడుతోంది, నాట్యం నేర్చే పిల్లలకు సవరాలు కడుతోంది. పుట్టిల్లు ఏటికి అవతల అరియాంకుప్పం. తరాల నుంచి సేద్యం చేసిన కుటుంబం. పని నేర్పింది మేనత్త సెంగమలం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ఆమెకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నా మాటను 'పేపరు తెలుగు' అనేది. నేను 'గారు' అని పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నానన్నట్టు వెనక్కి తిరిగి చూసి నవ్వేది.

ఆమె పని చేస్తుంటే నేను మెట్లమీద కూర్చుని గంటలకొద్దీ చూసేదాన్ని. వెంట్రుకకు ఒకవైపు వేరు, ఒకవైపు కొస. సవరంలో వేర్లన్నీ ఒకే దిక్కున ఉండాలి. కొన్ని తిరగబడ్డా చాలు, వారం తిరిగేసరికి అది పిచ్చుకగూడు అవుతుంది. లోగనాయకమ్మ దీనికి కళ్ళద్దాలు కూడా పెట్టుకునేది కాదు. వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జార్చేది. వేరు నుంచి కొసకు నున్నగా జారుతుంది, కొస నుంచి వేరుకు గరగరలాడుతుంది. దానంతటది రాలిన వెంట్రుకకైతే వేరు దగ్గర తెల్లటి చిన్న బొడిపె కూడా ఉంటుంది. ఆ బొడిపె ఆమె వేలికి తగిలేది. నా వేలికి ఏనాడూ తగల్లేదు.

చిక్కుపడిన సవరం ఎవరైనా బాగుకు తెస్తే ఆమె ఓపిక చూడాలి. అరచేతిలో ఒక చుక్క నూనె, వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన. ముందు కొసన నాలుగు వేళ్ళ మేర చిక్కు తీసి, తర్వాత కొంచెం పైన, ఆ తర్వాత ఇంకొంచెం పైన. ఎక్కడా లాగేది కాదు. సాంబ్రాణి వేసేటప్పుడు సవరాలన్నీ బీరువాలో పెట్టి తలుపు వేసేది. పొగ తగిలితే ఎండుగడ్డి అవుతాయట.

ఇంత తెలిసిన మనిషి శుక్రవారం వచ్చేసరికి వేరే మనిషి అయ్యేది.

మనవరాలు కవిప్రియ తొమ్మిదో తరగతి. పిల్లది ఒత్తయిన, పొడిబారిన ఉంగరాల జుట్టు. సముద్రం మీది గాలిలో తడి పెరిగితే ఎండిన జుట్టు ఆ తడినంతా తాగి ఉబ్బుతుంది. అలాంటి రోజుల్లో దాని తల మామూలు కన్నా రెట్టింపయ్యేది. బడిలో రెండు జడలు మడిచి రిబ్బను కట్టాలి, ఒక్క వెంట్రుక పైకి లేవకూడదు. అందుకని శుక్రవారం పొద్దున్నే ఐదున్నరకు అవ్వ దాన్ని పీట మీద కూర్చోబెట్టేది. నూనె పట్టించి, జిడ్డంతా పోయేదాకా సీకాయతో రెండుసార్లు రుద్ది, తువ్వాలుతో ఫట్ ఫట్ మని దులిపి, బడికి టైమవుతోందని బుట్ట కింద సాంబ్రాణి పొగ పెట్టి ఆరబెట్టేది. ఆ తర్వాత సన్న పళ్ళ దువ్వెన నడినెత్తిన గుచ్చి కిందికి ఒకటే లాగుడు. పిల్ల ఏడుపు మేడమీదికి వినబడేది. దువ్వెనకు వచ్చిన జుట్టును ఉండ చుట్టి, మేకుకు తగిలించిన గుడ్డసంచిలో వేసేది. సంచి నిండాక దాని జుట్టుతోనే దానికొక సవరం కట్టాలని ఆమె ఆశ. సంచి మహా తొందరగా నిండుతోంది. పిల్లకు రాలుడు ఎక్కువ, దానికి ఇంకా నూనె పట్టించాలి అనేది.

సెప్టెంబరులో ఒక శుక్రవారం దువ్వెన పన్ను విరిగి జుట్టులో ఉండిపోయింది. కవిప్రియ పీట మీద నుంచి లేచి, ఆ పన్ను తనే తీసి నేల మీద పెట్టింది. ఆ పిల్ల ఏడవలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

"ఇంక నా తలమీద చెయ్యి పెట్టొద్దవ్వా," అని లోపలికి పోయింది.

తల్లి సుధ బ్యాంకులో పని చేస్తుంది, తేల్చి మాట్లాడే మనిషి. క్వార్టర్లీ పరీక్షలయ్యాక వచ్చే ఆదివారం పార్లరుకు తీసుకెళ్ళి ఉంగరాలు లేకుండా జుట్టు సాఫు చేయిస్తానని కూతురికి మాట ఇచ్చింది. లోగనాయకమ్మ కొడుకు, పిల్ల తండ్రి శ్యామ్‌సుందర్ పేపరు వెనక నుంచి మొహం కూడా బయటపెట్టలేదు. లోగనాయకమ్మకు పార్లరు మీద కోపం లేదు. ఆ పిల్ల మళ్ళీ తన ముందు పీట మీద కూర్చోదేమోననే ఆమె భయం. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల ఆమెకు దొరికేది శుక్రవారం పొద్దున మాత్రమే. మిగతా రోజులన్నీ బడీ ట్యూషనూ ఫోనూ పంచుకునేవి.

ఆ సాయంత్రం ఆమె పైకి వచ్చి నా షాంపూ సీసాలు చూపించమంది. నా దగ్గర అప్పటికి ఆరు రకాల షాంపూలున్నాయి. దేనిలో ఏముందో చదివి చెప్పాను. నురగ ఎంత ఎక్కువైతే తలలో సహజంగా ఉండే జిడ్డు అంత పోతుందనీ, నాలాంటి పొడి జుట్టుకు అది మంచిది కాదనీ నాకు ఆలస్యంగా తెలిసిందనీ చెప్పాను. అక్కడితో ఊరుకోవాల్సింది. మీరు దువ్వుతుంటే పైనున్న నాకే ఏడుపొస్తుందండీ, ఆ పిల్లది గట్టి గుండె కాబట్టి ఇన్నాళ్ళు ఓర్చుకుంది అనేశాను. ఆమె సీసాలన్నీ ఎక్కడివక్కడ సర్దిపెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగిపోయింది. నా నోటికి తాళం లేదని మా అమ్మ ఊరికే అనలేదు.

పార్లరుకు వెళ్ళే ముందురోజు, శనివారం మధ్యాహ్నం, ఆమె వసారాలో చాప వేసి మేకుకున్న సంచి దించింది. సాఫు చేయించాక వచ్చేది వేరే జుట్టు, పాత జుట్టుతో సవరం ఇప్పుడే కట్టాలట. తప్పు చేసినదాన్ని కాబట్టి నేనూ వెళ్ళి చాప అంచున కూర్చున్నాను. ఆమె ఒక ఉండ విప్పి వెంట్రుకలు విడదీసి, ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య జార్చడం మొదలుపెట్టింది. నాలుగు జార్చి ఆగింది. మరో నాలుగు జార్చింది. కళ్ళద్దాలు తెమ్మంది. ఆమె ఆ పనికి కళ్ళద్దాలు అడగడం నేను చూడటం అదే మొదలు.

గంటసేపు అదే పని. చాప మీద రెండు కుప్పలు పెరిగాయి. ఒకదానిలో పొడుగు వెంట్రుకలు, గుప్పెడు కూడా లేవు. రెండోదానిలో జానెడువి, బెత్తెడువి, కొన్ని వేలెడువి. ఆ కుప్ప ఆమె మోకాలి ఎత్తుకు వచ్చింది. ఆమె చిన్న కుప్ప మీద చెయ్యి పెట్టింది.

"వేరుండేది ఇంతే పాపా. రాలింది ఇంతే." తర్వాత పెద్ద కుప్ప మీద పెట్టింది. "ఇదంతా నేను తెంచింది."

ఆ రోజు నేనన్న మాటలు నాకే గుచ్చుకున్నాయి. ఊరందరి సవరాలను పసిపిల్లల్లా చూసుకున్న ఆ చేతులు సొంత మనవరాలి తలను మాత్రం పెద్దవాళ్ళు దువ్వినట్టే దువ్వాయి. చిన్నప్పుడు తన తలనూ తన అవ్వ అలాగే లాగిందని ఆమే చెప్పింది. ఆమె జుట్టూ ఉంగరాలదేనని నాకు అప్పుడు తెలిసింది. అరవై ఏళ్ళుగా నూనె పెట్టి, బిగించి, ముడి కింద దాచేసింది.

కవిప్రియ ట్యూషన్ నుంచి రాగానే ఆమె పిలిచింది. సుధ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. లోగనాయకమ్మ కుప్పలు చూపించి, వేరు ఎలా తెలుస్తుందో మనవరాలి వేళ్ళ మధ్య ఒక వెంట్రుక పెట్టి చూపించింది. ఆ పిల్ల వేలికి బొడిపె తగిలింది. నాకు కొంచెం అసూయ వేసింది కూడా.

"నీ జుట్టు రాలిపోలేదు కవీ, నేనే తెంచినాను," అంది లోగనాయకమ్మ. "ఊరోళ్ళ సవరాన్ని పొగకు చూపీను, నీ తలకు పొగ పెట్టినాను. రేపు సాఫు చేయించుకోవాలంటే చేయించుకో, నేను అడ్డం రాను. నువ్వు పిలిస్తేనే ఇంక నీ తల ముట్టుకుంటా."

కవిప్రియ పెద్ద కుప్పలోంచి చిటికెడు తీసి చాలాసేపు చూసింది. ఇదంతా నాదేనా అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రం తల్లితో పార్లరు వచ్చే నెల చూద్దామంది. సుధ ఒకసారి అత్త వైపు చూసి, పార్లరుకు రేపు రావడం లేదని చెప్పడానికి ఫోను తీసింది.

అప్పటి నుంచి శుక్రవారాలు మారాయి. పెరట్లో కుళాయి దగ్గర కవిప్రియ తన తల తనే రుద్దుకునేది. అవ్వ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఎలా చేయాలో చెప్పేది. ఆ చేతులు ఊరకుండటానికి పడే అవస్థ నేను పైనుంచి చూసేదాన్ని. సీకాయ తగ్గింది, మందారాకు నలిపి తీసిన జిగురు వచ్చింది. ఆ జిగురు తల మీద ఉండగానే వేళ్ళతో చిక్కు తీయాలని, అదీ కొస నుంచేనని అవ్వ చెప్పేది. జుట్టును రుద్దకుండా తాతగారి పాత పంచెలో అద్దాలి. తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కల నూనె కొసలకు రాయాలి. అక్టోబరులో వానలు పట్టాక మేడమీది నీళ్ళు డ్రమ్ములో పట్టి, ఆఖరి రెండు చెంబులూ ఆ వాన నీళ్ళే పోయించేది. ఆ డ్రమ్ములో నాకూ ఒక బిందె వాటా దొరికింది. నా ఆరు సీసాల్లో నాలుగింటిని నేను ఇంకెప్పుడూ తెరవలేదు.

జుట్టు సాఫు కాలేదు. అది సాఫయ్యే జుట్టు కాదు. ఉంగరాలు ఉంగరాల్లాగే వేటికవి చుట్టుకుని నిలబడ్డాయి. గాలి తడిగా ఉన్న రోజున ఇప్పటికీ ఉబ్బుతుంది. క్లాసు టీచరు ఏమైనా అంటే, నా జుట్టు ఇంతేనండి మిస్ అని చెప్పేదట. పార్లరు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నవంబరులో ఒక శుక్రవారం, రాత్రంతా వాన కురిసి బడికి సెలవిచ్చారు. నేను కాఫీ గ్లాసుతో మెట్లమీద ఉన్నాను. కవిప్రియ తలస్నానం చేసి, పంచె చుట్టుకుని వసారాలోకి వచ్చింది. పీట తెచ్చి అవ్వ కాళ్ళ ముందు వేసింది. వీపు అటు పెట్టి కూర్చుని, పంచె విప్పి, భుజం మీదుగా వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన వెనక్కి చాపింది.

"కొస నుంచి, అవ్వా," అంది.

లోగనాయకమ్మ దువ్వెన అందుకుంది. కొసన నాలుగు వేళ్ళ మేర తీసుకుని మొదలుపెట్టింది. సగం తల అయ్యేసరికి ఆ పిల్ల అవ్వ మోకాలికి తల ఆనించి కునుకు తీసింది. దువ్వడం అయ్యాక దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఆమె విడదీసి ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య జార్చింది. ఈసారి కళ్ళద్దాలు అడగలేదు. మొత్తం ఏడు. పిల్లను లేపకుండా తలెత్తి నా వైపు చూసింది.

"అన్నిటికీ వేరుండాది," అంది మెల్లగా.