అరవయ్యో నంబరు

తప్పు ముందే ఒప్పేసుకుంటే సగం బరువు దిగిపోతుంది కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ వేళ మిరప చేలో జరిగినదానికి కారణం దెయ్యం కాదు, నేనే. ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. చేతిలో కొత్త ఫోను, బుర్రలో పాత అజ్ఞానం. గుంటూరు బ్రాడీపేటలో, ఒక కోచింగ్ సెంటరు మేడ మీద, రెండు గదుల సేవాసంస్థలో పనిచేసేవాణ్ణి. పల్లెటూళ్లలోని చిన్న చిన్న సంఘాలకు కంప్యూటర్లు సమకూర్చి, వాటిని వాడటం నేర్పడం మా పని. ‘డిజిటల్ అంతరాన్ని పూడుస్తాం’ అని మా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. (ఆ గోడ కిందే మా ప్రింటరు ఆరు నెలలుగా మూలుగుతూ ఉండేది. ఆ అంతరం ఎవరు పూడ్చాలో మాత్రం రాసి లేదు.)

చిలకలూరిపేట దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్లో, చర్చి వెనక గదిలో, ఆడకూలీల సంఘం ఒకటి ఉండేది. దాన్ని నడిపేది రిటైరైన పంతులమ్మ. ఊరంతా ఆవిణ్ణి టీచరమ్మ అనేది. ఆ సంఘం వాళ్లకు ఏ కాగితం కావాలన్నా పేటకు పోయి ఇంటర్నెట్ షాపు ముందు నిలబడాలి. ఒక రోజు కూలి పోతుంది. ఇంటికొచ్చి చూసుకుంటే పేరులో అక్షరం తప్పు. దాన్ని దిద్దించడానికి ఇంకో రోజు కూలి. పోయిన ఏడాది ఒకావిడ కూతురికి స్కాలర్‌షిప్పు అలాగే తప్పిపోయిందని టీచరమ్మ చెప్పినప్పుడు నేను గుండె మీద చెయ్యి వేసుకుని, “ఈ గదిలో రెండు కంప్యూటర్లు, నెట్టు పెట్టించే పూచీ నాదండీ” అన్నాను. పూచీ పడటానికి అర నిమిషం చాలు. పడ్డాక లేవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

చివరికి ఒక పత్తి మిల్లు యజమాని దారి చూపించాడు. ఆయన వ్యాపారి, ఊరికే ఇవ్వడు, ఊరికే కాదనడు. “పరుగు పందెం పెట్టండి. అరవై మంది రావాలి. ఒక్కొక్కరూ పది కిలోమీటర్లు పూర్తిచేసి, పొద్దున పదింటిలోపు చర్చి ముందుకి రావాలి. కంప్యూటర్లు, నెట్టు అన్నీ నేనే పెట్టిస్తా. ఒక్కరు తగ్గినా నన్ను అడగొద్దు” అన్నాడు. గుంటూరంతా తిరిగి కాలేజీ పిల్లల్నీ బ్యాంకు ఉద్యోగుల్నీ బతిమాలి యాభై తొమ్మిది మందిని పోగుచేశాను. అరవయ్యో మనిషి దొరకలేదు. ముందురోజు, పందెం కోసం కుట్టించినవాటిలో మిగిలిన ఆ ఒక్క చొక్కాను (నారింజ రంగుది, గుండెల మీద తెల్లగా 60) టీచరమ్మ చేతిలో పెట్టి, “మీ సంఘంలో ఎవరికైనా ఇవ్వండి. ఇదిగో, ఈ జేబులో గుండీ అంత యంత్రం కుట్టి ఉంది. ఎంత నడిచారో అదే నా ఫోనుకి చెప్పేస్తుంది” అన్నాను.

“ఎక్కడ నడిచినా లెక్కేనా బాబూ?” అందావిడ.

“చంద్రమండలంలో నడిచినా లెక్కేనండీ!” అన్నాను. పరుగు ఏ దారిన సాగుతుందో చెప్పలేదు. ఎవరు తొడుక్కుంటారో అడగలేదు. యంత్రానికి అన్నీ తెలుసు కదా, ఇక నాకు తెలియడం ఎందుకు?

జనవరి నెల. మర్నాడు ఆరింటికి ఈల వేసేసరికి మంచు చర్చి గోపురాన్ని మింగేసి, గంటను మాత్రం వదిలేసింది. పరిగెత్తేవాళ్లు నాలుగడుగులు వేయగానే ఒక్కొక్కరూ తెల్లటి గోడలోకి వెళ్లిపోయినట్టు మాయమయ్యారు. కాసేపు అడుగుల చప్పుడు, తర్వాత అదీ లేదు. నా ఫోనులో మాత్రం యాభై తొమ్మిది చుక్కలు కాలవ గట్టు మీద చీమల్లా బారుగా పోతున్నాయి. అరవయ్యోది వాటితో లేదు. ఊరికి తూర్పున మైలు దూరంలో, దారీ డొంకా లేని చోట ఒంటరిగా ఉంది. కదులుతోంది. తిన్నగా కొంత దూరం పోయి ఆగుతుంది. అక్కడ కాసేపు నిలబడుతుంది. మళ్లీ అదే గీత మీద వెనక్కి వస్తుంది. ఆగుతుంది. మళ్లీ పోతుంది. ఒక్క అడుగు పక్కకు పడదు. గంట చూశాను, రెండు గంటలు చూశాను. అదే గీత, అదే ఆగడం. మ్యాపు పెద్దది చేసి చూస్తే ఆ గీతకు ఒక కొసన మిరప చేను. రెండో కొసన, ఏమీ లేని ఖాళీ స్థలం పక్కనే, సమాధుల దొడ్డి.

తొమ్మిదింటికల్లా యాభై తొమ్మిది మందీ వచ్చేసి ఉప్మా తింటున్నారు. మంచు మాత్రం కదల్లేదు. మిల్లు యజమాని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గడియారం వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. టీచరమ్మను అడిగితే సరిపోయేది. కానీ ‘యంత్రం చెబుతుంది’ అని అంత గొప్పగా చెప్పినవాణ్ణి, ‘ఎవరండీ ఆ మనిషి’ అని ఏ మొహంతో అడగను? మెల్లగా వెళ్లి మా వ్యాను డ్రైవరుకు ఫోను చూపించాను. జీవితమంతా బస్సులు నడిపి రిటైరై మా దగ్గర చేరిన మనిషి, అందరికీ బాబాయే. అద్దాలు పైకెత్తి చూసి, నోట్లో పుల్ల తీసి పక్కన పెట్టాడు.

“ఇది ఆ చేనే కదా అబ్బాయ్?”

“ఏ చేను బాబాయ్?”

“వద్దులే. మళ్లీ నువ్వు భయపడతావు.”

“నేనెందుకు భయపడతాను! చెప్పు.”

“ఓ పెద్దాయన ఉండేవాడంట. మంచి ధర వచ్చిందాకా కాయ అమ్మనని కల్లం దగ్గరే కూర్చున్నాడంట. ధర రాలేదు, ఆయన పోయాడు. అయినా మంచు పట్టినప్పుడల్లా చేనికీ కల్లానికీ తిరుగుతానే ఉంటాడంట.” గొంతు తగ్గించాడు. “చూసినోళ్లు చెబుతారు... తల ఉండదంట.”

“నువ్వూ రా బాబాయ్, చూసొద్దాం.”

“నేనొస్తే బండికి కాపలా ఎవరయ్యా?” అన్నాడు. (బండిలో ఉన్నవి రెండు ఖాళీ మంచినీళ్ల డబ్బాలు.)

దెయ్యాలు లేవని నాకు తెలుసు. తెలిసిన సంగతి కాళ్లకు చెప్పడమే కష్టమైంది. గట్టు మీద నడుస్తుంటే రెండు పక్కలా నడుమెత్తు మిరప మొక్కలు. ఆకుల మీంచి మంచు బొట్లుబొట్లుగా రాలుతోంది. ఎర్రటి కాయలు ఎదురుగా వేలాడి, నేను దగ్గరకు రాగానే కనిపించి, దాటగానే మాయమవుతున్నాయి. ఎక్కడో పండుకాయల ఘాటు, గొంతులో గరగర. దగ్గడానికి కూడా ధైర్యం లేదు. ఫోనులో చుక్క నా వైపే వస్తోంది. ఎనిమిది కిలోమీటర్లు అయినట్టు చూపిస్తోంది. నేను ఆగాను, అది ఆగలేదు. అప్పుడు వినిపించింది, సన్నగా, నోరు మూసుకుని పాడుతున్నట్టు ఒక కూనిరాగం. సమాధుల వైపు నుంచి. తర్వాత సిగ్నల్ పోయింది. చుక్క గడ్డకట్టినట్టు నిలిచిపోయింది. కూనిరాగం నిలవలేదు.

మంచులోంచి ముందు 60 అన్న అంకె వచ్చింది. దాని వెనక నారింజ రంగు. కింద కాళ్లు కనిపించవు. పైన, తల ఉండాల్సిన చోట, గుండ్రంగా నల్లటి బోర్లించిన బుట్ట లాంటిదేదో. అది నన్ను చూసి ఆగింది. మెల్లగా చెయ్యి ఎత్తింది. అరచెయ్యి ఎర్రగా ఉంది.

“సారూ... ఎంతయింది?” అంది.

అప్పటికే నేను అక్కడ లేను. గట్టు వదిలి మొక్కల్లో పడ్డాను. చొక్కా చిరిగింది. చెమట తుడుచుకోబోయి, కాయలు నలిగిన చేత్తో కళ్లు నులుముకున్నాను. ఇక ప్రపంచం మొత్తం మంటే. వెనక నుంచి దబదబమని అడుగులు. “సారూ! ఆగండి సారూ! ఎంతయిందో చెప్పి పోండి!” కళ్లు కనపడక దారి తప్పి ఆ చేను చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణ చేశాను. అదీ చేసింది. దొడ్డి గోడ తగిలి ఇటు తిరిగాను, అదీ తిరిగింది. దూరంగా చర్చి గంట వినిపించిన వైపు పరిగెత్తి, తెల్లటి గోడలోంచి బయటపడి, కుర్చీలో కూర్చున్న మిల్లు యజమాని పాదాల దగ్గర బోర్లా పడ్డాను. నా వెనకే అరవయ్యో నంబరు వచ్చి ఆగింది. నా చేతిలో ఫోనుకు సిగ్నల్ వచ్చి, కుయ్యిమంది. పది కిలోమీటర్లు. పదికి ఇంకా ఆరు నిమిషాలు ఉంది.

బుట్ట తీశాక, ముఖానికి చుట్టుకున్న గుడ్డ విప్పాక, దెయ్యం నలభై ఏళ్ల మనిషిగా మారి ఆయాసపడుతూ నిలబడింది. చీర మీద నారింజ చొక్కా. మిరప చేలోకి పోయే ఆడవాళ్లు ఒళ్లు మండకుండా చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంటారు. నాకు తెలియనిది అదొక్కటే కాదు. స్కాలర్‌షిప్పు తప్పిపోయింది ఈవిడ కూతురికే. కూలి మానుకుంటే గడవదు కనుక, చొక్కా తొడుక్కుని పనికే వెళ్లింది. చేలో కోసిన కాయలు తట్టకెత్తుకుని, దొడ్డి పక్కనున్న కల్లంలో పోసి, మళ్లీ చేనికి. మిగతావాళ్లు సద్దికి కూర్చున్నా తను కూర్చోలేదు. ఖాళీ తట్ట మంచుకు అడ్డంగా నెత్తిన బోర్లించుకుని నడుస్తూనే ఉంది. ఎంత నడిచిందో చూసుకోడానికి తన దగ్గర ఫోను లేదు. అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, అడగబోతే పారిపోయాను.

“అంత దూరం ఎందుకు పరిగెత్తారు సారూ? అంకె చెబితే సరిపోయేదిగా” అంది.

“దారిలో పరిగెత్తలేదు కదండీ, లెక్కకు రాదేమో” అన్నాడు యజమాని పక్కన నిలబడ్డ గుమాస్తా. టీచరమ్మ నా వైపు చూసింది. నాకు కళ్లు మండి చూపు ఆనడం లేదు గానీ ఆ చూపు తగిలింది.

“పది కిలోమీటర్లన్నా. దారి అన్నానా నేను?” అన్నాడు యజమాని, లేచి నిలబడి. “చివర్లో పరుగు చూశావా! ముందున్న కుర్రాణ్ణి తరిమి తరిమి తెచ్చింది.” ఆ నెలాఖరుకే చర్చి వెనక గదిలో రెండు కంప్యూటర్లు వెలిగాయి.

అసలు సంగతి ఆ సాయంత్రం తెలిసింది. తెల్లవారుజామున ఆవిణ్ణి వ్యానులో చేను దగ్గర దింపింది బాబాయే! నెత్తిన తట్ట బోర్లించుకోవడం చూశాడు కూడా. ఆ కథ ఆయన జిల్లా అంతా మోశాడు. వెళ్లిన ప్రతి ఊళ్లో, “మా సారు పరుగు పెట్టించబోయి పరువు అక్కడే పెట్టొచ్చాడు” అని మొదలుపెట్టేవాడు. నేను నవ్వేవాణ్ణి. నవ్వడం తప్ప నా దగ్గర ఇంకేం ఉందని?

ఏళ్లు గడిచాయి. అరవయ్యో నంబరావిడే ఇప్పుడు ఆ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఊరందరి కాగితాలూ చేస్తుంది. ఒక్క అక్షరం తప్పు పోనివ్వదు. పోయిన నవంబరులో నేను అక్కడ ఉండగానే బాబాయ్ వచ్చాడు. ఆయన పెన్షను ఆగకుండా ఉండాలంటే, బతికే ఉన్నానని ఏడాదికోసారి ఫోను కెమెరా ముందు ముఖం చూపించాలి. ఫోను నేను పట్టుకున్నాను. నా బొటనవేలు కాస్త జరిగి కెమెరా మీద పడింది.

ఆవిడ తెర వంక చూసింది, నా వేలు వంక చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. “బాబాయ్ గారూ, మనిషి లేరంటోందండీ” అంది మెల్లగా.

“లేకపోవడమేంటి? ఇక్కడే కూర్చున్నాగా!”

“మాకు కనపడుతున్నారండీ. దానికే కనపడటం లేదు.”

బాబాయ్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన చేతిని తనే ఒకసారి గిల్లి చూసుకున్నాడు. ఆ నాటి ఇరవై నాలుగేళ్ల కుర్రాడైతే అక్కడే జాలిపడి వేలు తీసేసేవాడు, పాపం మంచివాడు. నేనిప్పుడు పెద్దవాణ్ణయ్యాను, టీ వచ్చేదాకా తీయలేదు.