గుహ మట్టి మీద నా ఫోన్ వెలుగు

గుహ గోడల మీద బొమ్మలంటే నాకు పిచ్చి. కింద నేలను మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు. మట్టి పొరల మీద పరిశోధన చేసే నా స్నేహితురాలు సుజాత, "బొమ్మలు లేని గుహ ఒకటుంది, వస్తావా?" అనడంతో బయల్దేరాను. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే పదకొండు దాటాక అరకు. అక్కడి నుంచి హుకుంపేట వైపు షేర్ జీపు, మనిషికి డెబ్బై రూపాయలు. చివర్లో కాఫీ తోటల మధ్య గంటసేపు నడక.

గుహ దగ్గర ఊరిపెద్ద సోమన్న తాత కాచుకుని ఉన్నాడు. గుహ వాకిట్లోనే వాళ్ల దేవత కొలువై ఉంది. మర్నాడు పండగ మొదలైతే ఇక ఎవరినీ లోపలికి రానివ్వరు. "నా మాట మీద ఒక్కరోజుకి ఒప్పుకున్నారు. బేగి కానిచ్చీండమ్మా" అన్నాడు.

లోపలికెళ్లి తను తవ్విన చిన్న గోతి గోడలో సన్నటి నల్లచార చూపించింది సుజాత. "ఇది పొయ్యి బూడిద. ఇందులో మాడిన గింజలు, ఎముక ముక్కలు దొరికితే ఆనాటి వాళ్లేం తిన్నారో తెలుస్తుంది. పైన ఉత్త మట్టే ఉందంటే గుహ వదిలి వెళ్లిపోయినట్టు." ఎప్పుడన్నది ఇసుక చెబుతుందట. రేణువు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో ల్యాబులో కొలుస్తారు. మట్టి తీసేటప్పుడు వెలుగు తగిలితే ఆ లెక్క చెరిగిపోతుంది. అందుకే నల్ల టార్పాలిన్ కింద, చిన్న ఎర్రలైటుతో పని. ఫోన్లు బయట పెట్టమంది. నేను జేబులోనే ఉంచుకున్నాను. ఫొటో లేని బ్లాగు ఎవరు చదువుతారు, ఒక్క ఫొటోకి కొంపలేం మునుగుతాయి అనుకున్నాను.

కొంపే మునిగింది. ఆమె నల్లసంచిలోకి మట్టి గీకుతుండగా ఫొటో నొక్కాను. ఫ్లాష్ ఆపడం మరిచాను. సుజాత సంచి కింద పెట్టేసింది. ఆ గోడలో చార ఉన్నదే కాస్త, అదీ వెలుగు తగిలి పనికిరాకుండా పోయింది. ఇంకోచోట తవ్వాలంటే ఇంకో రోజు కావాలి.

బయటికి రాగానే తాత అడిగాడు. "సీకట్లో సెయ్యాలన్నావు గదమ్మా, ఆ ఎలుగేటి?"

"నా పొరపాటే తాతా. ఇంకొక్క రోజు ఇప్పిస్తారా?" అంది సుజాత.

"జాగర్త గల గుంటవని ఊరికి నానే సెప్పినాను. ఇప్పుడేటి సెప్పమంటావు?"

ఆమె తల దించుకుంది. ఫొటో నొక్కిన నేను పక్కనే ఉన్నాను. అయినా నోరు పెగల్లేదు.

తిరుగు దారిలో ఆమె ఆ నల్లసంచిని ఖాళీగా మోసుకొచ్చింది. అక్కడ నిప్పు రాజేసిన వాళ్లు ఎప్పటివాళ్లో తెలియలేదు. ఆ ఊళ్లో అజాగ్రత్త మనిషిగా సుజాత పేరే నిలిచింది. తాతకు చెప్పాల్సిన మాట ఇక్కడ మీకు చెబుతున్నాను, అదీ నా బతుకు. మిమ్మల్ని ఎవరైనా నమ్మి తవ్వకం దగ్గరికి రానిస్తే, ఫోన్ జీపులో వదిలేయండి. నోరు మాత్రం వెంట తీసుకెళ్లండి.