గౌరయ్య గొంతులో సిందూరం

గౌడవెల్లి దర్జీ గౌరయ్యకు ఒక్కటే పిచ్చి. పాటను కిందనుంచి ఎత్తుకుంటాడు, కిందనే నడిపిస్తాడు, కిందనే దించుతాడు. హనుమాండ్ల గుడిలో శనివారం భజనకు ఆయన గొంతు విప్పితే మనిషి పాడుతున్నట్టుండదు, ఎవరో బావిలోకి దిగి రామా రామా అంటున్నట్టుంటుంది. దీనికి కారణం ఆయన భార్య దుర్గాబాయేననీ, తమలపాకులో సిందూరం పెట్టి తినిపించి మొగుడి గొంతు పోగొట్టిందనీ ఊళ్లో ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. సిందూరం కడుపులోకి పోతే పాటగాడి గొంతు పడిపోతుందని పెద్దల నమ్మకం. నమ్మకం సంగతేమో గాని, ఈ పుకారు మాత్రం పచ్చి అబద్ధం. అది అబద్ధమని తేల్చడానికి పక్కింటి పద్మమ్మ ఎంత తిరిగిందో ఆమె చెప్పులకే తెలుసు.

గౌరయ్య పాట కిందికి ఉందంటే ఏమీ అనుకోడు. నిదానంగా ఉందంటే మాత్రం చేతిలో కత్తెర కింద పెడతాడు.

"నిదానం ఎక్కడిది? మంద్రం వేరు, మందం వేరు. మంద్రమంటే లోతు. మందమంటే ఆలస్యం. నా పాట మంద్రం. తెలిసిందా?"

"తెలిసింది తమ్ముడూ," అంటుంది పద్మమ్మ. "పాట మంద్రమే. కుట్టుడు మాత్రం మందం. దసరాకని ఇచ్చిన జాకెట్టు ఉగాదికిస్తున్నవ్."

ఒకసారి మేడ్చల్ బస్సులో ముందు సీట్లో కూర్చుని, గుర్రుమంటున్న ఇంజను మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. "ఆహా, గిదీ మంద్రమంటే!" అన్నాడు. బస్సు ఎంతకూ కదలకపోతే కళ్లు తెరిచి, "ఇంజను మంద్రం, డ్రైవర్ మందం," అన్నాడు. డ్రైవరుకు మొదటి మాట అర్థం కాలేదు, రెండోది బాగా అర్థమైంది. ఆ రోజు గౌరయ్య మేడ్చల్‌కు నడిచి వెళ్లాడు. దారిలో బర్రె అరిస్తే ఆగి, శ్రుతి బాగుందని మెచ్చుకుని మరీ వెళ్లాడు.

భజనలో గౌరయ్య పక్కన తాళాలు పట్టుకుని కూర్చునేది వెంకటనర్సయ్య. ఊరికి భజన నేర్పిందే ఆ ముసలాయన. జబ్బుపడి కొన్నాళ్లు గుడి ముఖం చూడలేదు గాని, మళ్లీ వారం తప్పకుండా వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ పక్కవాళ్ల చెవిలో ఒకే మాట చెబుతాడు.

"పాపం, గౌరయ్యకు మీదికి పోదు. వాని కోసం నేనే కిందికి దిగి పాడుతున్న. శిష్యుడు గద, ఏంజేస్తం?"

ఇలా ఉండగా శామీర్‌పేటలో భజన పోటీ పెట్టారు. గెలిచినవాళ్లకు కొత్త హార్మోనియం. గౌడవెల్లి హార్మోనియం అప్పటికే పాటకంటే దగ్గు ఎక్కువ పలుకుతోంది, అందుకని ట్రాక్టరెక్కి ఊరు ఊరంతా కదిలింది. పద్మమ్మ అందరికంటే ముందెక్కింది.

శామీర్‌పేటవాళ్లు మొదట పాడారు. ఎంత మీదికి పాడారంటే, చెరువులో కొంగలు లేచి కీసర దిక్కు పోయాయి. జింకల పార్కులో జింకలు కంచె దాకా ఉరికి, అటు పోవాలో ఇటు రావాలో తెలియక పరేషానై నిలబడ్డాయి. తర్వాత గౌరయ్య అందుకున్నాడు. కొంగలు ఒక్కొక్కటే తిరిగొచ్చి వాలాయి.

న్యాయం చెప్పడానికి వచ్చిన రాజారావు సారు లేచి, "గౌడవెల్లి పాట బాగుంది, కానీ కొంచెం మందంగా ఉంది," అన్నాడు.

అంతే. గౌరయ్య వెళ్లి ఆయన చేతిలోని మైకు అందుకున్నాడు. మంద్రానికీ మందానికీ తేడా మొదలుపెట్టాడు. బావులొచ్చాయి, బస్సులొచ్చాయి, బర్రె కూడా వచ్చింది. చివరికి మైకువాడు తీగ పీకేశాడు. గౌరయ్య తీగ లేకుండానే పూర్తి చేశాడు. హార్మోనియం శామీర్‌పేటలోనే ఉండిపోయింది.

తిరిగి వస్తుంటే ట్రాక్టరులో డోలక్ వాయించే శేఖర్ మండిపడ్డాడు.

"గౌరన్నా, ఇగ ఒక్కటే ముచ్చట. మీదికన్న పాడు, లేకుంటే పాట నాకన్న ఇయ్యి. గీ లోతుల పడి ఎన్నేండ్లు ఓడుదం?"

గౌరయ్య పక్కన కూర్చున్న వెంకటనర్సయ్య, "వానికి రాదురా, వదిలెయ్," అని వెనకేసుకొచ్చాడు.

వారం తిరగకముందే సిందూరం పుకారు లేచింది. శేఖర్ కూడా చల్లబడ్డాడు. "ఆయన తప్పేమున్నది పాపం, ఇంటిది జేసిన పని," అన్నాడు. పాట గౌరయ్యకే ఉండిపోయింది. పరువు మాత్రం దుర్గాబాయిది పోయింది. ఆమె చాయ్ పోస్తే, ఇప్పుడే తాగొచ్చామనేవారు. నోముకు పిలిచి తాంబూలమిస్తే నవ్వుతూ తీసుకుని, వీధి మలుపులో మేకలకు వేసేవారు.

ఇది పద్మమ్మ కంట పడింది. ఆకులు తిన్న మేకలు ఊరంతా వినబడేలా అరుస్తున్నాయి. ఆమె నడుం మీద చెయ్యి పెట్టి ఆలోచించింది. మేకలకు పోని గొంతు మొగుడికెట్లా పోయింది?

మర్నాడు పొద్దున్నే జాకెట్టు గుడ్డ వంకతో దుర్గాబాయి ఇంటికి వెళ్లింది. లోపల స్నానాల గదిలోంచి పాట వినిపిస్తోంది. అలాంటి ఇలాంటి పాట కాదు, పిట్టలా పైపైకి ఎగిరి కప్పు తాకి వస్తోంది.

"ఎవలు పిల్లా పాడేది?" అంది పద్మమ్మ.

"రేడియో వదినె," అంది దుర్గాబాయి, బియ్యంలో రాళ్లేరుతూ తల ఎత్తకుండా.

ఇంతలో పాట ఆగింది. లోపలినుంచి, "సబ్బేడ వెట్టినవే?" అని వినిపించింది.

"మీ రేడియో తానం గూడ జేస్తదా?" అంది పద్మమ్మ.

దుర్గాబాయి సబ్బు పట్టుకుని లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. పద్మమ్మ ఊరుకుంటే పద్మమ్మ ఎలా అవుతుంది? పుకారు తోక పట్టుకుని బయలుదేరింది. శేఖర్‌ను అడిగితే భార్య పద్మలత చెప్పిందన్నాడు. పద్మలతను అడిగితే బోరింగు దగ్గర దుర్గాబాయే చెప్పిందంది.

"దుర్గాబాయే చెప్పిందా? తన నోటితోనా?"

"అవు పెద్దమ్మా. ఎవలకు చెప్పద్దని ఒట్టు గూడ వెట్టించుకున్నది."

"మరి ఊరంతా ఎట్ల చెప్పినవే?"

"ఒట్టు వెట్టించుకున్నదంటే గది చెప్పాల్సిన ముచ్చటే గద!"

పద్మమ్మ ఎట్లా వచ్చిందో అట్లాగే వెనక్కి నడిచి దుర్గాబాయి ముందు కూలబడింది.

"నీ మీద నువ్వే బురద సల్లుకుంటవా? మతి గిట్ల పోయిందా?"

దుర్గాబాయి అటూ ఇటూ చూసి తలుపు దగ్గరగా వేసింది.

"ఏంజెయ్యాలె వదినె? శేఖర్ మీదికి పాడుమంటడు. ఈయన మీదికి ఎత్తుకున్నడంటే నర్సయ్య మామ నోరు మూసుకుంటడు. గొంతు ఆపరేషన్ అయినంక ఆయనకు గంతే లేస్తది. మస్తు దినాలు గుడికే రాలె. ఒకనాడు వచ్చి గడప కాడ కూసున్నడు. ఈయన ఊకెనే కిందికి ఎత్తుకున్నడు, ముసలాయన మెల్లగ నోరు గలిపిండు. గా దినం సంది ఈయన మీదికి పోనే లేదు."

"ఆయనకు ఎరికేనా?"

"ఎరికైతే వస్తడా? గౌరయ్యకు చేతగాదని ఆయనే జాలి పడుతున్నడు. పడనీ."

ఊళ్లో ఎవరింట్లో ఏం కూర వండారో మూత తీయకుండా చెప్పగల పద్మమ్మకు, చెప్పకూడని మాట కడుపులో పెట్టుకోవడం పుట్టినప్పటినుంచి అదే మొదలు. రెండు పూటలు అన్నం సయించలేదు. తర్వాత వచ్చిన పేరంటంలో మాత్రం అందరి ముందూ దుర్గాబాయి చేతిలోంచి తాంబూలం లాక్కుని నోట్లో వేసుకుంది. పరపరా నమిలి, వీధి చివరున్న మనవడిని ఒక్క కేక వేసింది. గౌడవెల్లి దాటి వెళుతున్న సైకిళ్లు కూడా ఆగాయి.

"గొంతు ఎట్లున్నది? మంచిగున్నదా? సిందూరం కట్టుకున్న మొగనికే పనిజేస్తదంట. ఆడోళ్లను ఏం జెయ్యదు. తినున్రి!"

చేతులన్నీ ఒక్కసారి చాపుకొచ్చాయి. దుర్గాబాయి ఇంట చాయ్ గిన్నె మళ్లీ పొయ్యెక్కింది. ఇద్దరు ముగ్గురు చాటుగా వచ్చి, "మా ఆయన మాట్లాడుడు వశం గాకున్నది, ఎంత వెట్టాలె?" అని కూడా అడిగి పోయారు.

అంతా సర్దుకుంది. అయినా పద్మమ్మకు ఆ మాట ఆ మనిషి నోటనే వినాలని ఉంది. ఒక మధ్యాహ్నం గౌరయ్య కొట్టుకు వెళ్లి, మిషన్ ఎదురుగా స్టూలు జరుపుకుని కూర్చుంది.

"తమ్ముడూ, దాసకు. నీకు మీదికి పోతది. నా చెవులతోని ఇన్న. మరెందుకు పోవు?"

మిషన్ చక్రం ఆగింది. గౌరయ్య దారం కొసను పెదాలతో తడిపి, సూది బెజ్జంలోకి ఎక్కించాడు. వీధిలో ఎవరూ లేరని చూసుకుని నవ్వాడు.

"మీదికి పోయి ఒక్కన్నే ఏంజెయ్యాలె అక్కా?"