ఆ ఆరు ఫారాలు

ఐదేళ్ళుగా ఒక మాటను లోపల దాచుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మా ఆయనకు తెలియదు, మా అమ్మాయికి తెలియదు. నా పేరు మీకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం తేలిక అనుకుని కూర్చున్నాను. కూర్చున్నాక అర్థమైంది, తేలికేమీ కాదు. చేసింది ఏమిటో చెప్పగలను. ఎందుకు చేశానో నాకే సరిగ్గా తెలియదు. అది కూడా తెలుస్తుందని మీరు చదువుతుంటే ముందే చెబుతున్నాను, తెలియదు.

మాది కాకినాడ. 2009లో అబుదాబి వచ్చి ముసఫ్ఫా షాబియాలో కాపురం పెట్టాం. ఆయన ఒక కంపెనీలో ఇంజనీరు. మా అమ్మాయి చదివే ఇండియన్ స్కూల్లో తెలుగు సెక్షన్ ఉండేది. ఈ దేశంలో హిందీ, ఫ్రెంచి ఏ స్కూల్లోనైనా దొరుకుతాయి కానీ తెలుగు దొరకడం అపురూపం. అదీ ఏటేటా చిక్కిపోతూ వచ్చింది. కొందరు హిందీకి పోయారు, కొందరు మార్కుల కోసం ఫ్రెంచికి పోయారు. పోతున్నారని అందరికంటే ఎక్కువ గోల పెట్టింది నేనే. అందుకే తెలుగు తల్లిదండ్రుల తరఫున స్కూలుతో మాట్లాడే పని నాకు అప్పగించారు. ఉగాది సభలో పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడి, మన భాషను మనమే వదిలేస్తే ఇంకెవరు పట్టుకుంటారండీ అని అడిగాను. చప్పట్లు బాగానే పడ్డాయి. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారు చూడండి. ఆ సామెత రెండో సగం మీకు తెలిసే ఉంటుంది, నేను రాయను.

తెలుగు టీచరు పేరు సుజాత అనుకోండి. జగిత్యాల దగ్గర పల్లె ఆవిడది. భర్త ముసఫ్ఫాలోనే ఒక గ్యారేజీలో మెకానిక్. అతని జీతంతో కుటుంబాన్ని తెచ్చుకోవడం అయ్యే పని కాదు. స్కూలు ఆవిడకు వీసా ఇచ్చింది, స్టాఫ్ పిల్లలని ఫీజు తగ్గించింది. అందువల్ల మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలూ ఒక విల్లాలో ఒక గది తీసుకుని కలిసి ఉండగలిగారు. ఆ కాపురమంతా ఆ ఒక్క ఉద్యోగం మీద నిలబడి ఉంది. ఈ సంగతి నాకు తెలుసు. ఆవిడే ఒకసారి చెప్పింది.

2014 మార్చిలో స్కూలు నుంచి సర్క్యులర్ వచ్చింది. తొమ్మిదిలోకి వెళ్ళే పిల్లలు ఏ భాష తీసుకుంటారో ఫారం నింపి, గురువారం లోపు ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వని వాళ్ళను హిందీలో వేస్తారు. తెలుగుకు పదిమంది రాకపోతే సెక్షన్ ఎత్తేస్తారు, టీచరు పోస్టు కూడా పోతుంది. నలుగురు అప్పటికే ఇచ్చేశారు. ఇంకో ఆరుగురు గ్యారేజీల్లో, ఏసీ పనుల్లో ఉన్నవాళ్ళ పిల్లలు. ఆ తండ్రులకు డ్యూటీ వదిలి రావడం కుదరదు, తల్లులకు ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడాలంటే బెరుకు. నేనిస్తే ఆఫీసు వాళ్ళు తీసుకుంటారని, సంతకాలు పెట్టి ఆరు ఫారాలూ నా చేతికిచ్చారు. ఒకదాని మీద సంతకం పక్కన గ్రీజు మరక కూడా ఉంది. నాలుగూ ఆరూ పది. సరిగ్గా సరిపోయింది.

ఇందులో మా అమ్మాయి లేదు. గమనించారా?

తనకు ఫ్రెంచి కావాలని అమ్మాయి ఏడ్చింది. ఫ్రెంచిలో మార్కులు కుప్పలుగా పడతాయని ఆయన వంత పాడాడు. రెండు రోజులు బెట్టు చేసి, మూడో రోజు నా చేత్తోనే ఫ్రెంచి ఎదుట టిక్కు పెట్టాను. పదిమంది ఎలాగూ ఉన్నారు కదా, మా పిల్ల ఒక్కతి లేకపోతే కొంప మునుగుతుందా అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం కౌంటరు దగ్గరకు వెళ్ళాను. కవరులో ఏడు ఫారాలు, అన్నిటికంటే పైన మాది. కౌంటర్లో ఉండే మలయాళీ ఆవిడకు ఒక అలవాటు ఉంది. ఫారం తీసుకోగానే పిల్ల పేరూ భాషా పైకి చదివి రిజిస్టర్లో రాసుకుంటుంది. మాది ఇచ్చాను. చదివింది, ఫ్రెంచి అని రాసింది. మిగతావి తీయబోతూ తల తిప్పితే కారిడార్ చివర నుంచి సుజాత టీచరు వస్తోంది. రిజిస్టరు తెరిచే ఉంది. ఆవిడ వచ్చి నా పక్కన నిలబడితే కళ్ళు మొదట పడేది మా అమ్మాయి పేరు మీదే. కవరు మూసి చంకలో పెట్టుకుని, నేనే ఆవిడకు ఎదురు వెళ్ళాను.

"మన పిల్లలయి ఫారాలు ఇచ్చిన్రా మేడం?" అంది.

"ఇప్పుడే ఇచ్చానండీ."

"ఆరు గూడా?"

"ఆరూ ఇచ్చాను. మీరు నిశ్చింతగా ఉండండి."

"మీ పాపతోని పదకొండు మంది అయితరు. ఇప్పుడు పానం నిమ్మలమైంది మేడం. మా ఆయనకు ఫోన్ చేసి చెప్త. వారం సంది ఆయనకు నిద్ర లేదు."

నేను నవ్వాను. అవునండీ అన్నాను. రెండు అబద్ధాలు. రెండూ తడుముకోకుండా వచ్చాయి.

ఆవిడ వెళ్ళాక తిరిగి వచ్చి ఇచ్చేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కారులో కూర్చుని చూస్తే ఆవిడ గేటు దగ్గరే నిలబడి పిల్లలను బస్సులెక్కిస్తోంది. ఎక్కించడం అయ్యేసరికి కౌంటరు మూసేశారు. శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం తెరవగానే వెళ్ళాను. లిస్టు ప్రిన్సిపాల్ దగ్గరకు పోయింది, ఖలాస్ అంది కౌంటర్ ఆవిడ. తెలుగుకు ఎంతమంది అని అడిగాను. నలుగురు అంది. అయ్యో అన్నాను. ఆరు ఫారాలూ సంచిలో పెట్టుకుని, అయ్యో అన్నాను. 'ఇవి నా దగ్గర ఉండిపోయాయి, తప్పు నాది' అని ఒక్క మాట అంటే తీసుకునేవారేమో. తీసుకోకపోయేవారేమో కూడా. కానీ ఆ మాట అంటే, గురువారం చెప్పింది అబద్ధమని బయటపడుతుంది.

తరువాతి రోజు టీచరు ఆఫీసుకు వెళ్ళి నిలదీసింది. మాకు అందలేదన్నారు. ఆవిడ నాకు ఫోన్ చేసింది. ఇచ్చానండీ అని మళ్ళీ చెప్పాను, ఈసారి కాస్త కోపంగా. ఆ తల్లులతోనూ అదే చెప్పాను. పైగా తల్లిదండ్రుల తరఫున వెళ్ళి, మా ఫారాలు పోగొడతారా అని ఆఫీసు మీద కేకలేసి వచ్చాను. కౌంటర్ ఆవిడను అక్కడి నుంచి తీసి వెనక రికార్డుల గదిలో వేశారు. గడువు దాటిందని కొత్త ఫారాలు మాత్రం తీసుకోలేదు, సెక్షన్ ఎత్తేశారు; ఆ గోలలో మా అమ్మాయి ఫ్రెంచి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇంటికొచ్చి ఆరు ఫారాలూ చించి, బిల్డింగు చెత్తడబ్బాలో పడేశాను.

ఎందుకు? పిరికితనమా? పరువు కోసమా? చాలా రోజులు అంతే అనుకుని సరిపెట్టుకున్నాను. కానీ ఇంకొకటి ఉంది. అవి రాష్ట్రం రెండుగా చీలుతున్న రోజులు, మా సభల్లోనూ మనుషులు రెండుగా కూర్చునేవారు. మా అమ్మాయి ఇంటికొచ్చి "వస్తున్న, చేస్తున్న" అంటే నాకు చిర్రెత్తేది. ఆవిడ దగ్గర ఇదా నువ్వు నేర్చుకునేది అని ఒకసారి గట్టిగా అరిచాను. మరి ఆ రోజు కవరు మూసిన చేతిలో ఈ చిరాకు కూడా ఉందా? లేదని ప్రమాణం చేయలేను, ఉందనీ చెప్పలేను. ఒక్కోసారి, స్కూలు ఎలాగూ ఎత్తేద్దామనే చూస్తోంది, నేను కాకపోతే వచ్చే ఏడు ఎత్తేసేది అని సర్ది చెప్పుకుంటాను. మరి ఆ ఏడాది మాటేమిటి? నలుగురు మనుషులు ఒక గదిలో కలిసి బతికే ఏడాది అది.

జూన్‌లో టీచరు పిల్లలను తీసుకుని ఊరికి వెళ్ళిపోయింది. భర్త గది ఖాళీ చేసి లేబర్ క్యాంపుకు మారాడు. వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చి, నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అది దొంగ ఏడుపు కాదు, నమ్మండి. నమ్మకపోయినా తప్పు లేదు.

పోయిన నెల షాబియాలో ఒక సూపర్ మార్కెట్లో, బిల్లు కట్టే వరుసలో, నా ముందున్న మనిషి వెనక్కి తిరిగి నమస్తే పెట్టాడు. జుట్టు బాగా నెరిసింది. ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను.

"గుర్తువట్టలేదా మేడం? సుజాత వాళ్ళ ఆయనను. మిమ్ముల ఊకె యాది చేస్తది. ఆ ఇస్కూల్ల మా దిక్కు కొట్లాడింది మీరొక్కరే అని."

ఫోన్ తీసి పిల్లల ఫోటో చూపించాడు. కూతురు తల్లి కంటే పొడుగైంది. "ఐదేండ్లల్ల రెండుసార్లే పోయిన మేడం. పోయినప్పుడల్లా కొత్త పిల్లలను చూసినట్టే ఉంటది," అని నవ్వాడు. వరుసలో మా ఇద్దరి మధ్య ఒక ట్రాలీ ఎడం ఉంది. అక్కడే చెప్పేయొచ్చు. టీచరుగారిని అడిగానని చెప్పండి అన్నాను. అతను బిల్లు కట్టి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అందుకే ఇది. క్షమించమని అడగడం లేదు, అడిగినా అది మీ చేతిలో లేదు. ఆవిడకు రాయాలని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ కారణం దగ్గర ఆగిపోయాను. ఏది రాసినా సగం అబద్ధంలా ఉంది. ఇవాళ కారణం లేకుండానే రాస్తున్నాను. ఆఫీసు వాళ్ళు పోగొట్టలేదు. ఆ కౌంటర్ ఆవిడ తప్పేమీ లేదు. ఆ ఆరు ఫారాలు నేను ఇవ్వలేదు. ఇవ్వలేదు. ఇంతవరకు ఎవరి ముందూ, నా ముందు నేను కూడా, ఈ మాట అనలేదు. అన్నాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరి తీసుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.